పాయింట్ల మధ్య అరకు

అరకు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అరకు చూడరు, పాయింట్లు చూస్తారు. గాలికొండ వ్యూ పాయింటు, సినిమా పాయింటు, కాఫీ పాయింటు, ఫోటో పాయింటు. డ్రైవరు బండి ఆపుతాడు. మనం దిగుతాం, వణుకుతాం, ఫోటో తీసుకుంటాం, ఎక్కుతాం. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు వచ్చి, అంతా కలిపి రెండు ఫర్లాంగులు నేల మీద అడుగు పెట్టి వెళ్ళిపోతాం.

ఈ డిసెంబరులో మా బావమరిదీ నేనూ అలా కాదనుకున్నాం. పొద్దున్న బయల్దేరి, చాపరాయి వాగు దాకా నడిచే వెళ్ళాలని తీర్మానించాం.

"నడవడానికి మన బీచ్ రోడ్డు లేదా? తెల్లారగట్ల బళ్ళు కూడా ఆపేస్తారు కదా!" అంది మా ఆవిడ దుప్పటి లోపలి నుంచి. ముఖం కనబడలేదు గానీ అభిప్రాయం స్పష్టంగానే ఉంది. ఆవిడా, బావమరిది భార్యా కారు మాట్లాడుకుని మధ్యాహ్నానికి చాపరాయి వస్తామన్నారు.

లాడ్జి మెట్లు దిగితే ఊరు లేదు. అంతా పొగమంచే. బావమరిది మంకీ క్యాపు పెట్టి, దాని మీద మఫ్లరు చుట్టి, ఆ పైన నల్ల కళ్ళజోడు తగిలించాడు. "దారిలో బ్యాంకుంటే మాత్రం ముందు నుంచి నడవకు" అన్నాను.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఆ ప్రకారం విశాఖ కంటే ఆరు డిగ్రీలు తక్కువుండాలి, పళ్ళు కొట్టుకోకూడదు. కానీ ఆ లెక్క సగమే చెబుతుంది. మబ్బు లేని రాత్రి కొండవాలుల మీద గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి జారి లోయ అడుగున చేరుతుంది. చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చిటమొగొండి అడ్డంగా ఉన్నాయి కనక ఎటూ పోలేదు. ఎండొచ్చి లేపేదాకా, మా ఆవిడలాగే, ఉన్నచోటు నుంచి కదలదు.

డుంబ్రిగుడ రోడ్డెక్కామో లేదో ఒక ఆటో పక్కనొచ్చి ఆగింది.

"ఏటి సార్, బండి పాడైపోనాదా?"

"లేదు బాబూ, నడుస్తున్నాం."

"ఎక్కడికి?"

"చాపరాయికి."

"మరి ఎక్కండి."

"వద్దు, ఊరికే నడుస్తున్నాం."

అతను మా బూట్లు చూశాడు, మంకీ క్యాపు చూశాడు. లోపల కూర్చున్నవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి, "డబ్బుల్లేకపోతే పర్లేదు సార్, నాను అటేపే ఎల్తన్నాను" అన్నాడు. ఇంత మంచి మనిషిని నిరాశపరచడం నాకు కష్టంగానే తోచింది. బావమరిది అప్పటికే ఒక కాలు ఆటోలో పెట్టాడు. చొక్కా పట్టి లాగాను.

ఆ దారిలో ఊరికే నడిచేది మేమిద్దరమే. మిగతా అందరికీ పని ఉంది. సంతకు వెళ్ళే ఆడవాళ్ళు నెత్తిన రాజ్మా మూటలు, అల్లం బుట్టలు పెట్టుకుని, కొందరు వీపున పిల్లల్ని కట్టుకుని, ఒకరితో ఒకరు ఆదివాసీ ఒడియాలో కబుర్లాడుకుంటూ మమ్మల్ని దాటేశారు. మా చేతుల్లో ఉన్నది చెరో నీళ్ళ సీసా. మా నాయనమ్మ వయసున్న ఒకామె దాటబోతూ ఆగి, "కాలు నొప్పా బాబూ?" అని తెలుగులో అడిగింది. బావమరిది అప్పటిదాకా కుంటలేదు. ఆ తర్వాత మర్యాద కోసం కొంచెం కుంటాడు.

"చాపరాయి ఇంకెంత దూరం?" అని ఆమెనే అడిగాం. "ఇక్కడే." గంట నడిచాక ఒక మేకల కాపరిని అడిగాం. "ఇక్కడే." నిజానికి అరకు నుంచి పన్నెండు కిలోమీటర్ల పైమాటే. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. అంత దూరం రోజూ నడిచేవాళ్ళకది ఇక్కడే.

మంచు విడిపోగానే రోడ్డు పక్కన పొలాలు పసుపుపచ్చగా బయటపడ్డాయి. వలిసె పూలు. నూనెగింజ పంట అది. గట్టు మీద ఒక కుర్రాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొలంలో దిగి ఫోటో తీసుకుంటే మనిషికి ఇరవై రూపాయలు. నాకు ఆ ఏర్పాటు చాలా నచ్చింది. పువ్వు దశలో సెల్ఫీ పంట, గింజ దశలో నూనె పంట. వానకీ పురుగుకీ లొంగని పంట ఈ రాష్ట్రంలో ఇదొక్కటే కావచ్చు. బావమరిది ఇరవై కట్టి దిగాడు. తేనెటీగలు టికెట్ లేకుండానే లోపలున్నాయి. ఒకటి అతని పసుపు మఫ్లరును పరిశీలనకు తీసుకోవడంతో ఫోటోలన్నీ కదిలిపోయాయి.

అప్పుడే మా వాళ్ళ కారు పక్క నుంచి వెళ్ళింది. కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. కారు ఆగలేదు.

రోడ్డు వదిలి ఒక కాలిబాట ఎక్కితే పైన కాఫీ తోట. బారెడు పొడవు సిల్వర్ ఓక్ చెట్లు కాదు, తలెత్తితే మెడ పట్టేసే చెట్లు. వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఎర్రపళ్ళు కోస్తున్న ఆవిడను అడిగి బావమరిది ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"బావా, ఇందులో కాఫీ లేదు!" అన్నాడు, మోసపోయిన గొంతుతో.

ఉండదు. పండు మీది పలచని గుజ్జు తియ్యగా ఉంటుంది. లోపలి గింజను ఎండబెట్టి వేయించాకే మనకు తెలిసిన ఆ వాసన పుడుతుంది. ఇదంతా నేను వివరిస్తుంటే ఆవిడ కోత ఆపకుండా విని, మంచి విద్యార్థి దొరికాడు అన్నట్టు నన్ను చూసింది. 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత ఘనత ఉన్న పంట నడిబొడ్డున నిలబడ్డాం కదా అని, ఊళ్ళోకి దిగి చిన్న కొట్లో రెండు కాఫీలు చెప్పాం.

"కాఫీ నేదు బాబూ. అది అమ్మేత్తాం. తాగేది టీయే" అందామె.

టీ బాగుంది.

చాపరాయి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. వెడల్పాటి బండ మీద నీళ్ళు పలచగా పరుచుకుని జారుతుంటే మా ఆడవాళ్ళు కాళ్ళు ముంచుకుని కూర్చున్నారు. పక్కన వెదురు బొంగుల్లో చికెన్ కాలుతోంది. నూనె చుక్క వెయ్యరు, బొంగు మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు, అంతే. మా ఇద్దరికీ మాట పలకడానికి ఒక బొంగు ఖాళీ కావలసి వచ్చింది.

"మేం గిరిజన మ్యూజియం చూశాం. పద్మాపురం తోట చూశాం. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు కూరగాయల కోసం వేశారట, అక్కడ బొమ్మ రైలెక్కాం. మరి మీరో?" అంది మా ఆవిడ.

బావమరిది చాలాసేపు ఆలోచించాడు. "టీ తాగాం అక్కా" అన్నాడు.

తిరుగుదారిలో, అడక్కుండానే, డ్రైవరు వలిసె పొలం దగ్గర బండి ఆపాడు. ఆడవాళ్ళిద్దరూ దిగి చెరో ఇరవై ఇచ్చారు. కుర్రాడు కారులోకి తొంగిచూసి మా వాణ్ణి గుర్తుపట్టాడు.

"మీరు పొద్దున్నే ఇచ్చేసారు కదండీ. దిగండి, ఫ్రీయే!"

దిగాలనే ఉంది పాపం. మోకాళ్ళు ఒప్పుకోలేదు.