మంజీర కొర్రమీను కథ

కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోగల చేప. మొప్పలున్నాయి గానీ వాటితో సరిపోదు. మొప్పల పైభాగాన తలలో ఉన్న గదుల్లోకి కొద్ది నిమిషాలకోసారి గాలి నింపుకోవాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ల నడుమే ప్రాణం పోతుంది. ఇక్కడ చెప్పేది మంజీరలో పుట్టిన అటువంటి ఒక కొర్రమీను సంగతి. అది కరువు దాటి బతికిందంటే ఈ గాలి గదుల చలవే.

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతాల మీదుగా తెలంగాణలోకి వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దారిలో సింగూరు జలాశయం, దాని దిగువన 1931లో పూర్తయిన నిజాంసాగర్. వానాకాలంలో పారడం, ఎండాకాలంలో తెగిపోయి మడుగులుగా మిగలడం ఈ నదికి కొత్త కాదు. చేపలూ దానికి అలవాటుపడ్డవే. ఎగువ కట్టలు వరదను పట్టేయడం, ఒడ్డున మోటర్లు మడుగును కూడా తోడేయడం తరవాత వచ్చిన సంగతులు. ఒకప్పుడు ఎండాకాలం దాటించిన మడుగు ఇప్పుడు వాన కురిసేదాకా ఆగడం లేదు.

ఈ కొర్రమీను పుట్టింది గడ్డి మునిగిన ఒడ్డు నీళ్లలో. తల్లీతండ్రీ నాచును పక్కకు తోసి చోటు చేశాయి, గుడ్లు అక్కడే తేలాయి, ఎర్రగా గుంపుకట్టిన పిల్లల్ని కొన్నాళ్లు కాచాయి. దీనికంతటికీ నిలవ నీరు చాలు. రవ్వ, బొచ్చె చేపల సంగతి వేరు. నది ఉబ్బి ఒడ్డు పొర్లితేనే అవి గుడ్లు పెడతాయి. వరద రాని ఏడు వాటికి పిల్లలు లేని ఏడు. వరసగా రెండేళ్లు అలా గడిస్తే నదిలో మిగిలేవి ముసలి చేపలే. పెద్ద చేపలు వలకు పడుతున్నంతకాలం ఈ లోటు ఎవరి కంటా పడదు.

2014లోనూ 2015లోనూ దేశంలో నైరుతి వానలు తక్కువ పడ్డాయి. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు తాగునీటిని రైలులో తెచ్చారు. దిగువన సింగూరు అడుగంటింది.

మడుగు కుంచించుకుపోతున్న తొలి రోజులు, దాచడమెందుకు, కొర్రమీనుకు విందే. పరిగెలు, కప్పలు, జెల్ల పిల్లలు నోటి ముందుకే వచ్చి చేరాయి. కొంగలకూ వలలవాళ్లకూ అదే సంబరం. చేప దొరికేది ఎక్కువైనట్టు కనిపించే ఆ వారాల్లోనే నది ఖాళీ అయింది. తరవాత నీళ్లు వేడెక్కాయి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. ఉన్న కాస్తనూ రాత్రిపూట నాచూ, కుళ్లుతున్న మడ్డీ వాడేస్తాయి. అందుకే చేపలు ఎక్కువగా చచ్చేది మిట్టమధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. గాలి మింగే ఏర్పాటు లేని రవ్వ, బొచ్చె ముందు తేలాయి. పరిగెలు ఆ వెనకే. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి చేపలు మాత్రం పైకొచ్చి గాలి మింగి మళ్లీ దిగాయి. చివరికి నీళ్లు పోయాక కొర్రమీను తడి బురదలోకి దూరింది. బురద పూర్తిగా ఎండితే దానికీ చావే. ఒంటి జిగురు ఆరకుండా ఉన్నన్నాళ్లే ఆ సాహసం. తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించిందీ ఆ 2016లోనే!

సెప్టెంబరు చివర్లో వానలు కుమ్మేశాయి, జలాశయాలు నిండాయి. కానీ నీళ్లు తిరిగొచ్చినంత వేగంగా చేపలు రాలేదు. ఏడాది తిరక్కుండానే ఎదిగే పరిగెలు త్వరగా పుంజుకున్నాయి. రవ్వ లాంటి పెద్ద చేప గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే సుమారు రెండేళ్లు పడుతుంది. గోదావరి నుంచి ఎదురెక్కి వద్దామంటే మధ్యలో కట్టలు. ఆ ఖాళీలో 1952లో దేశానికి తెచ్చిన తిలాపియాకు ఇబ్బందేమీ లేదు. దాని గుడ్లకు వరదతో పని లేదు, తల్లి నోట్లోనే పొదుగుతాయి.

ఇప్పుడు జలాశయాల్లో రవ్వ, బొచ్చె ఉంటున్నాయంటే అది చాలామటుకు వ్యానుల్లో తెచ్చి వదిలే పిల్లల వల్ల. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి ఇలాంటి చేపలచేత గుడ్లు పెట్టించాక ఆ దారి తెరుచుకుంది. వలలు నింపడానికి అది చాలు. వరదకు మాత్రం బదులు కాదు. జెల్లకూ, వాలుగకూ, బొమ్మిడాయికీ అలా వ్యానుల్లో పిల్లల్ని తెచ్చి వదిలేవాళ్లు అరుదు.

నది బాగోగులు తేల్చడానికి కొర్రమీను సాక్ష్యం పనికిరాదు, అది ఎండిన మడుగులోనూ బతికేస్తుంది. ఆ పనికి వరదలో పుట్టిన రవ్వ పిల్ల దొరుకుతుందేమో చూడాలి.