బేస్‌మెంటు రైల్వేకి స్థలం కావలెను

న్యూజెర్సీలో ఇల్లున్నవాళ్లకి ఆస్తిపన్ను గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? దేశంలో మనల్ని మించి కట్టేవాళ్లు లేరంటారు. వంటింటి పన్ను నేను కట్టాను. ఎవరో వస్తే తప్ప కూర్చోని ముందుగది పన్ను నేను కట్టాను. తలుపు కొట్టి, అనుమతి తీసుకుని అడుగుపెట్టాల్సిన పిల్లల గదుల పన్నూ నేనే కట్టాను. ఇంత కట్టినవాడు ఇంటి అడుగున, సూర్యభగవానుడు కూడా తొంగిచూడని బేస్‌మెంటులో, ఒక్క ప్లైవుడ్ చెక్క వేసుకుని దానిమీద చిన్న రైలు నడుపుకుంటానంటే ఇల్లంతా నావంక జాలిగా చూసింది. బిల్లు మాత్రం ఇప్పటికీ నా పేరునే వస్తోంది.

బేస్‌మెంటు ఎవరిదో మీకూ తెలుసు. ఫర్నెస్‌ది. వాటర్ హీటర్‌ది. వాన పడ్డప్పుడల్లా గురకపెట్టే సంప్ పంపుది. ఈ ముగ్గురికీ జన్మహక్కులున్నాయి, కాదనను. ఆ తర్వాత సోనామసూరి బస్తాలు వచ్చాయి. విమానం ట్యాగులు ఇంకా ఊడని సూట్‌కేసులు వచ్చాయి. బట్టలారేసుకోవడానికి కొన్న ట్రెడ్‌మిల్లు వచ్చింది. మా అబ్బాయి మూడో క్లాసులో చేసిన అగ్నిపర్వతం వచ్చింది. ఎప్పుడైనా వాపసు ఇవ్వాల్సివస్తుందేమోనని దాచిన టీవీ డబ్బాలు, ఆ టీవీలు పోయి ఏళ్లయినా, వచ్చి కూర్చున్నాయి. వీళ్లెవరికీ భూసేకరణ నోటీసు లేదు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు. నా రైలుకొచ్చేసరికి పర్యావరణ అనుమతి కావలసివచ్చింది.

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఇది నా దురాశ కాదు. ఈ దేశంలో ప్లైవుడ్ షీటు అమ్మేదే ఆ కొలతలో. మోడల్ రైల్‌రోడ్ మొదలుపెట్టే సామాన్యుడు దానితోనే మొదలుపెడతాడు. దానిమీద హెచ్ఓ స్కేలు రైలు, అంటే అసలు రైల్లో 87వ వంతు, 18 అంగుళాల వ్యాసార్ధంతో మలుపు తిరుగుతుంది. మొత్తం చుట్టు 18 అడుగుల పైచిల్లర. నా మనసులో ఉన్నదేమో 1974లో పట్టాలెక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్. మన పెట్టె ఒక్కొక్కటీ ఆ స్కేల్లో పది అంగుళాలకి కాస్త తక్కువ. ఇరవై పెట్టెలు తగిలించానా, ఇంజనుకీ గార్డు పెట్టెకీ మధ్య మూరెడు ఖాళీ మిగులుతుంది. విశాఖలో బయల్దేరిన డ్రైవరు అనకాపల్లి రాకముందే తన గార్డుని తానే వెనకనుంచి పలకరిస్తాడు.

ఇక రాజమండ్రి ఆర్చి వంతెన. ఇరవై ఎనిమిది కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్ల పైమాట. 87వ వంతుకి కుదించినా వంద అడుగులు దాటుతుంది. బేస్‌మెంటు గోడ పగలగొట్టి, పక్కింటివాళ్ల డెక్కు కిందనుంచి పోయి, వాళ్ల బార్బెక్యూ దగ్గర తేలాలి. వాళ్లు మంచివాళ్లే గాని అంత మంచివాళ్లు కారు. అంచేత ఒక్క కమాను కట్టాను. అఖండ గోదావరి నా హయాంలో మూడున్నర అడుగులయింది. మా అమ్మాయి దాన్ని డ్రైనేజీ అంటుంది.

ఇంజను కథ ఇంకా దారుణం. మనం చిన్నప్పుడు కాజీపేటలో, గుంతకల్లులో, కిటికీలోంచి బొగ్గునలుసులు పడవని తెలిసి మొదటిసారి తల బయటపెట్టి చూసిన ఆ డీజిల్ ఇంజను గుర్తుందా? డబ్ల్యూడీఎం-2. అది పుట్టింది ఇక్కడే. న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలో ఆల్కో కంపెనీ రూపొందించింది; మొదటివి 1962లో అక్కడినుంచే ఓడలెక్కి వెళ్లాయి, ఆ తర్వాత వారణాసిలో చేసుకున్నాం. మా ఇంటికి కారులో మూడు గంటల పైచిల్లర దూరం. కాబట్టి ఇక్కడి దుకాణంలో దొరుకుతుందని ఆశపడ్డాను. ఆల్కో ఇంజన్లు దొరికాయి. శాంటా ఫే రంగుల్లో దొరికాయి, పెన్సిల్వేనియా రంగుల్లో దొరికాయి, ఎప్పుడో దివాలా తీసిన ప్రతి కంపెనీ రంగుల్లోనూ దొరికాయి. సౌత్ సెంట్రల్ రైల్వే ఉందా అని అడిగితే దుకాణం పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, అది ఏ రాష్ట్రంలో ఉండేదని అడిగాడు. చివరికి ఎవరిదో ఇంజను కొనితెచ్చి నేనే రంగు వేసుకున్నాను.

మే నెలలో అత్తగారు వచ్చారు. ఆవిడంటే నాకెంతో గౌరవం, ఈ మాట రికార్డులో ఉండాలి. ఆవకాయ పెట్టాలంటే మామిడికాయ ముక్కల్ని తడి లేకుండా తుడిచి, బట్టమీద పరిచి, ఫ్యానుగాలికి ఆరబెట్టాలని మీకు నేను చెప్పాలా? ఇంట్లో అంత బల్లపరుపు జాగా ఇంకెక్కడుంది? నేను ఆఫీసునుంచి వచ్చి కిందికి దిగేసరికి సామర్లకోట జంక్షన్ మీద పాత పంచె, దానిమీద ముక్కలు, యార్డులో మామిడి జీడి. “అల్లుడు గారూ, ఈ పట్టాలు ఎంత బాగున్నాయండీ, ముక్కలకి కిందనుంచి కూడా గాలి తగులుతోంది” అన్నారు. అంత ప్రేమగా అన్నాక ఏమనగలం? నేనే కూర్చుని రెండు బేసిన్ల ముక్కలు తుడిచాను.

ఆ తర్వాత జరిగింది జాతీయ విపత్తు. ఈ రైళ్లకి పట్టాలే కరెంటు తీగలు. పట్టాలోంచి చక్రంలోకి, చక్రంలోంచి మోటారులోకి, అవతలి చక్రంలోంచి అవతలి పట్టాలోకి కరెంటు ప్రవహించాలి. మధ్యలో నూనె పొర పడితే ఇంజను ఆగుతుంది, ఆవపిండి రేణువు పడితే ఆగుతుంది, మామిడి జీడి అంటితే ఆగి ఇక కదలనంటుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ తుని దగ్గర ఆగింది. వేలితో నెట్టితే అన్నవరం దాకా వచ్చి ఆగింది. పట్టాలు ఆల్కహాల్‌తో తుడవాలి, అదీ మందుల షాపులో దొరికేది, తాగేది కాదు. 2020లో ఊరంతా దాన్ని చేతులకి రాసుకుంటుంటే నాకు పట్టాలకి రాయడానికి చుక్క దొరకలేదు. ఆ రోజుల్లో ఆ బాధ బయటికి చెప్పుకుంటే తన్నేవారు.

ఇంట్లోవాళ్లకి అర్థం కాకపోతే మానె, తోటి రైలువాళ్లకైనా అర్థమవుతుందనుకుంటారు మీరు. నేనూ అనుకున్నాను. శనివారం పొద్దున డైనర్‌లో కలుస్తాం. నేను తప్ప అందరూ రిటైరైన అమెరికన్ పెద్దమనుషులు. పేరుకి రైళ్ల ముచ్చట. మొదటి కాఫీకి మోకాళ్లు వస్తాయి: వైరింగు కోసం చెక్క కిందికి దూరినవాళ్లంతా తిరిగి లేవలేని వయసువాళ్లే. రెండో కాఫీకి కంటి శుక్లాలు. ఆ తర్వాత ఇంటికప్పు మార్పించడానికి ఎంత అడిగాడు, మంచు తోసే యంత్రం ఎందుకు అంటుకోలేదు, ఈ డైనర్‌లో బేకన్ సన్నబడిందా లేదా. మొన్న ఒకాయన గొంతు తగ్గించి, వాళ్లావిడ ఫ్లోరిడా వెళ్లిపోదామంటోందన్నాడు. ఫ్లోరిడా ఇళ్లకి బేస్‌మెంట్లుండవు. టేబులు చుట్టూ ఫోర్కులు ఆగిపోయాయి. ఎవరో ఆయన భుజం తట్టారు, బిల్లు కూడా ఆయన్ని కట్టనివ్వలేదు.

రైళ్ల సంగతి ఎప్పుడైనా వస్తే అది నా మీదికే వస్తుంది. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది అమెరికా రైలుమార్గానికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి, న్యాయంగా నా పట్టాల మధ్య 19 దాటి ఉండాలి. మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఈ తేడాని భూతద్దం లేకుండా కనిపెట్టే మహానుభావులున్నారు. ఇంజను మీద రివెట్లు లెక్కపెట్టి ఒకటి తక్కువైతే నిద్రపోనివాళ్లు. 1935లో మిల్వాకీలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పెట్టుకుని, ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాలమీద నడవాలని చక్రం అంచు ఎంత లోతుండాలో కూడా ప్రమాణాలు రాసుకున్న జాతి ఇది. వాళ్ల ముందు నా ఆవకాయ విపత్తు విన్నవించాను. చక్రాల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆవకాయ అంటే ఏమిటన్నారు. వివరించడానికి ఒక సీసా పట్టుకెళ్లాను. ఇప్పుడు నన్ను చూడగానే గేజు మాటెత్తరు, సీసా తెచ్చావా అంటారు.

మా బావమరిది ఇంకో రకం. “ఏంటి బావా, ఈ వయసులో రైలాటా?” అంటాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. ఎంఐటీలో 1946లో మొదలైన మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు కుర్రాళ్లే, చెక్క కింద రిలేలూ స్విచ్చులూ కలుపుతూ కలుపుతూ కంప్యూటర్ల మీద పడి, ఆ విద్యకి మొదటి హాకర్లయ్యారని చెప్పాను. అతని జీతం మా చెక్క కిందనుంచి వచ్చిందన్నమాట. విన్నాడు, తలూపాడు, రిమోటు లాక్కుని నా రెండు ఇంజన్లనీ ఒకేసారి నడిపి గుద్దించాడు. కొత్త ఇంజను ఏది కొన్నా దాని డిజిటల్ చిరునామా మూడో నంబరుగానే వస్తుంది; మార్చకుండా నడిపితే మూడు అనగానే అన్నీ బయల్దేరతాయి. ఇది తెలియనివాడికి గ్రీన్‌కార్డిచ్చారు.

జనవరి నా పాలిట గడ్డుకాలం. “ఏమండీ, ఆ చెక్క ఖాళీగానే ఉంది కదా” అన్న మాటతో సంక్రాంతి మొదలవుతుంది. బొమ్మల కొలువు. కొండపల్లి అంబారీ ఏనుగు ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. ఏటికొప్పాక పెళ్లికూతురు సిగ్నలు ఆనుకుని సిగ్గుపడుతుంది. నా రైల్వేలో మనుషులు ముప్పాతిక అంగుళం; దశావతారాల్లో వామనుడు కూడా మా స్టేషన్‌మాస్టరుకి ఆరు రెట్లున్నాడు. అయినా సర్దుకుని, పండగ కదా అని, రైలుని నడిపాను. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు పట్టుచీరల్లో మెట్లు దిగివచ్చి ప్రతి బొమ్మనీ పేరుపేరునా మెచ్చుకున్నారు. చివరికి ఒకావిడ వంగి చూసి, “అబ్బ, రైలు కూడా పెట్టారే! పిల్లాడిదా?” అంది. మా ఆవిడ నావైపు చూసి, అవునంది.

అదే నెలాఖరున మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రైల్‌రోడ్ హాబీ షో. వేలమంది వస్తారు, హాళ్లకి హాళ్లు నిండా లేఅవుట్లు. ఏ శనివారం అది ఉంటుందో ఆ శనివారమే మా తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలు స్కూలు ఆడిటోరియంలో ఉంటాయి. హాలు ఆ రోజే దొరికిందట. ఏటా ఆ రోజే దొరుకుతుంది. దీని వెనక విదేశీ హస్తం ఉందని నా అనుమానం. నేను పులిహోర ట్రేలు మోస్తుంటాను.

ఇంతకీ బాధ రైలంటే వీళ్లకి పడకపోవడం కాదు. ఇండియానుంచి ఎవరొచ్చినా ఫ్లెమింగ్టన్‌లో నార్త్‌ల్యాండ్జ్‌కి తీసుకెళ్తాం. ఒక్క మనిషి తన ఇంటి బేస్‌మెంటులో మొదలుపెట్టి, అది చాలక 1996లో ప్రత్యేకంగా భవనమే కట్టి జనానికి తెరిచిన హెచ్ఓ సామ్రాజ్యం అది. ఎనిమిది మైళ్ల పట్టాలంటారు. నేను లెక్కవేశాను: మన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆ పట్టాలమీద విశాఖనుంచి హైదరాబాదు వెళ్లి, మళ్లీ వెనక్కి విజయవాడ దాటేదాకా రావచ్చు. అక్కడ మా ఆవిడ వంతెనల ముందు నిలబడి, “ఎంత ఓపికండీ మహానుభావుడికి!” అంటుంది. అత్తగారు చేతులెత్తి దణ్ణం పెడతారు. ఇంటికొచ్చి నేను కిందికి దిగబోతే, చెత్త బయట పెట్టారా అని అడుగుతారు.

చివరికి చట్టాన్ని ఆశ్రయించాను. దీనికి పూర్వోదాహరణ ఉంది. వాల్ట్ డిస్నీ అంతటివాడు 1950లో లాస్ ఏంజిలిస్‌లో తన పెరట్లో ఎనిమిదో వంతు ఆవిరి రైలు వేసుకున్నాడు. భార్య లిలియన్ పూలమొక్కల జోలికి పోకుండా వాటి కిందనుంచి 90 అడుగుల సొరంగం వేశాడు. ఇంజనుకి ఆమె పేరు మీద లిల్లీ బెల్ అని పెట్టాడు. అదీ చాలదని, రైలుదారి హక్కులు తనవేనని ఒప్పందపత్రం రాయించి, భార్య చేతా కూతుళ్ల చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. మిక్కీమౌస్ యజమానికే కాగితం కావలసివచ్చినప్పుడు నేనెంత?

కూర్చుని రాశాను. ప్లైవుడ్ మీద, దాని పైనున్న ఆకాశం మీద, కిందనున్న వైరింగు మీద సర్వాధికారాలూ రైల్వేవని రాశాను. మా ఆవిడ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి, తాలింపు పెట్టి, సవరణలతో తిరిగొచ్చింది. సంక్రాంతికి ముందు వారం, తర్వాత వారం రైళ్లు రద్దు. మామిడికాయల కాలంలో ఏ పట్టామీద రైలు, ఏ పట్టామీద ముక్కలు అన్నది అత్తగారి నిర్ణయం. బియ్యం బస్తాలకి దారి వదలాలి. అన్నిటికీ ఒప్పుకున్నాను. అడుగున ఇంకో గీత గీసి, డిస్నీలాగే ఇంజనుకి తన పేరు పెట్టాలని రాసింది. అదీ పెట్టాను, ఇంజను ఒంటిమీద తెల్లరంగుతో, చిన్న బ్రష్షుతో, తెలుగులో. అప్పటినుంచీ ఆ ఇంజను ఎన్నిసార్లు పట్టాలు తప్పినా గట్టిగా తిట్టడానికి లేదు. మెట్ల మీదినుంచి వినపడుతుంది.