నాస్తికుడి పత్రి సంచీ

మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు, పండగపూట తెల్లవారుజామున తలంటు తప్పించుకోవడానికి దేవుడే లేడనేసినవాడు. మా ఇంట్లో వాణ్ణి నేనే. పైగా ఉండేది విజయవాడ పటమటలో, గోరాగారి నాస్తిక కేంద్రం ఉన్న పేటలో. ఆటో అతనికి "నాస్తిక కేంద్రం దగ్గర" అని కాస్త గొంతు పెంచి మరీ చెప్తాను. మా ఆవిడ పక్కనుంచి మెల్లిగా "ఆంజనేయస్వామి గుడి సందు బాబూ" అంటుంది. ఆటో తిరిగేది ఆవిడ మాటకే.

గోరాగారికి దేవుడు లేడన్నందుకు కాకినాడలో ఒకసారి, బందరులో ఒకసారి లెక్చరరు ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో కేంద్రం పెట్టారు, 1947లో బెజవాడకు తెచ్చారు. గాంధీగారి దగ్గరే కూర్చుని దేవుడి మీద వాదించి, ఆ ముచ్చట్లు పుస్తకంగా వేశారు. 1948లో సేవాగ్రాంలో పెద్దమ్మాయిని దళిత యువకుడికి ఇచ్చి పెళ్ళి చేశారు. నా నాస్తికత్వం వల్ల నాకు ఇంతవరకూ ఒక పులిహోర పొట్లం కూడా నష్టం రాలేదు. సిద్ధాంతం సిద్ధాంతమే, ప్రసాదం ప్రసాదమే.

"ఉన్న దేవుడితో నాకు రోజుకు పది నిమిషాల పని. లేని దేవుడితో మీకు రోజంతా చాలడం లేదు" అంటుంది మా ఆవిడ. దీనికి దీటైన జవాబు నాకు ఎప్పుడూ రాత్రి పన్నెండింటికి, ఆవిడ నిద్రపోయాక తడుతుంది.

1995 గుర్తుందా? సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగేశాడు. ఊళ్ళో పాల పాకెట్లు దొరకలేదు. కొత్త అల్లుణ్ణి, రక్తం మరుగుతోంది. స్టీలు చెంచా పట్టుకుని అత్తగారి వీధి చివర గుళ్ళో క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక అందరికీ వివరించి చెప్పాలని: చెంచా అంచు తడి రాయికి తగిలితే తలతన్యత వల్ల పాలు అటు లాగుకుంటాయి, ఆపైన పల్చటి పొరలా విగ్రహం మీంచి కిందికి జారిపోతాయి, కంటికి ఆనవు. ఢిల్లీలో శాస్త్రవేత్తలు ఇదే సంగతి రంగు కలిపిన పాలతో చూపించారు కూడా. నా వంతు వచ్చింది. చెంచా పెట్టాను. పాలు పోయాయి. "చూశారా, ఇదీ..." అని నోరు తెరిచేలోపు వెనకాలావిడ "జై గణేశా!" అంటూ నన్ను పక్కకు నెట్టేసింది. నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. మా అత్తగారు గుమ్మంలోనే దిష్టి తీశారు. "మా అల్లుడుగారి చేత్తో కూడా తాగాడమ్మా స్వామి! ఎంత నాస్తికులైనా పాలు పట్టుకుని వెళ్ళారు" అని పేటంతా చెప్పుకున్నారు. తలతన్యత సంగతి వినడానికి ఒక్కరు మిగల్లేదు.

ఆ మరుసటి నెలే, అక్టోబరు 24న, సూర్యగ్రహణం. మా ఆవిడ కడుపుతో ఉంది. తలుపులు వేసుకుని కదలకుండా పడుకోవాలని అత్తగారు చెప్పి పంపారు. నేను ఊరుకుంటానా? గోరాగారి భార్య సరస్వతీ గోరాగారు కడుపుతో ఉండే గ్రహణం చూశారని, పిల్లకు వీసమెత్తు కీడు జరగలేదని వారం రోజులు ఉపన్యాసం దంచాను. గ్రహణం పట్టేవేళకు మా ఆవిడ చెంగు దోపుకుని లేచింది. "పదండి, అద్దాలు పెట్టుకుని మనమూ చూద్దాం. మీరు చెప్పాక నాకూ ధైర్యం వచ్చింది" అంది.

మీ దగ్గర దాచడం ఎందుకు? ఆ రోజు కిటికీలన్నీ వేసింది నేనే. "ఎందుకొచ్చిన గొడవ, పడుకో" అన్నాను. టీవీలో చూపిస్తున్న గ్రహణాన్ని కూడా చూడనివ్వలేదు. నీడ వచ్చి పడేది టీవీ మీద కాదని నాకూ తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం?

అమ్మాయి పుట్టాక పేరు గొడవ. గోరాగారి పిల్లల పేర్లు ఎంత బాగుంటాయని! ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టినాయన లవణం. తొమ్మిదో సంతానానికి నౌ. మనమూ అలా కాలాన్ని బట్టి పెడదామన్నాను. "పిల్ల కడుపులో ఉండగా వినాయకుడు పాలు తాగాడు. క్షీర అని పెట్టమంటారా?" అంది. సర్టిఫికెట్టులో శ్రీలక్ష్మి అని ఉంది.

తర్వాత చాలా ఏళ్ళకు ఒక వినాయక చవితినాడు, కథ అయ్యాక అందరూ తలమీద అక్షింతలు వేసుకుంటుంటే నేను హాల్లో పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. రాత్రి డాబా ఎక్కి చంద్రుణ్ణి తీరిగ్గా, ఎగాదిగా చూసి వచ్చాను. మర్నాడు పొద్దున్నే అపార్ట్‌మెంటు సెక్రటరీ తలుపు కొట్టాడు. రాత్రి డాబా మీదికి వెళ్ళింది నేనేనట, మోటారు కట్టకుండా వదిలేసింది కూడా నేనేనట, ట్యాంకు పొర్లి సెల్లారు చెరువైందట. ఆ మోటారు స్విచ్చి ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు. ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. అచ్చమైన నీలాపనింద!

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చి నవ్వింది. తిట్టినా బాగుండేది.

"ఇది కాకతాళీయం" అన్నాను, కాకి వాలడం, తాటిపండు పడడం న్యాయం చెప్పి. ఫోన్లో వింటున్న అమ్మాయి "పోనీ నాన్నా, వచ్చే ఏడు ఆ కాకి కోసమైనా రెండు అక్షింతలు వేసుకో" అంది. పిల్లల్ని ఇంజనీరింగు చదివిస్తే ఇంతే.

అక్కడితో ఊరుకున్నా పోయేది. ఇక లాభం లేదని శాస్త్రంలోకి దిగాను. అసలు మన పాతవాళ్ళ లెక్కలో నాస్తికుడంటే దేవుణ్ణి కాదన్నవాడు కాదు, వేదాన్ని కాదన్నవాడు. సాంఖ్యులకు సృష్టికర్త అక్కర్లేదు. మీమాంసకులు యజ్ఞాలన్నీ పొల్లుపోకుండా చేస్తారు గానీ, ఫలితం ఇవ్వడానికి ఈశ్వరుడు కావాలనరు. ఇదంతా భోజనాల దగ్గర గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మా ఆవిడ గరిటె ఆపి, చాలా శ్రద్ధగా విన్నది. నాకు ఒళ్ళు పులకరించింది.

"అంటే నమ్మకపోయినా పూజ చెయ్యొచ్చన్నమాట."

"మీమాంసకుల ప్రకారం... చెయ్యొచ్చు."

"మరింకేం, మీరూ నమ్మక్కర్లేదు. గంట కొట్టండి. చవితికి పత్రి తెండి."

అప్పట్నుంచీ మా ఇంట్లో గంట నాది, పత్రి నాది. గోరాగారు చదివిందీ చెప్పిందీ బోటనీయే కదా అని సర్దిచెప్పుకుని రైతుబజారుకు వెళ్తాను. అక్కడ మోపు కట్టి అమ్మే పత్రిలో సగం కానుగాకు, బాదమాకు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవయ్యొక్కటంటే ఇరవయ్యొక్కటీ ఉండాలి! అపామార్గం అంటే ఉత్తరేణి, బదరి అంటే రేగు, అర్జునం అంటే మద్ది. అమ్మేవాడితో తగవు పెట్టుకుని, కాలవగట్టున పడి ఉత్తరేణి పీక్కుని, జమ్మి కోసం ఎవరింటి గోడో ఎక్కి, అన్నీ సంచీలో వేసుకుని వస్తాను. "ఏ ఆకైతేనేమండీ, భక్తి ఉండాలిగానీ" అంటుంది మా ఆవిడ. "ఆకు తప్పితే ఎలా?" అని కేకలేస్తాను నేను.

"మా ఆయనకు పట్టింపు ఎక్కువండీ. ఇరవయ్యొక్క పత్రాలూ ఉంటేగానీ పూజకు కూర్చోనివ్వరు" అని అపార్ట్‌మెంటంతా చెప్పింది. ఈ ఏడు పై అంతస్తువాళ్ళు, ఎదురింటివాళ్ళు, ఆ సెక్రటరీగారు కూడా వాళ్ళ పత్రి నన్నే తెమ్మన్నారు. సెక్రటరీగారికైతే మారేడు మూడాకుల రెమ్మలే కావాలట.

పెద్ద సంచీ కొనాలి.