అంకెలకు జీతం లేదు

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. ఇప్పటికి 70 కోట్లకు పైగా ఆభా అనే ఆరోగ్య ఖాతాలు తెరిచేశారు. తలా 14 అంకెలు! సర్కారీ వైద్యంలో ఇంత జోరుగా సాగిన పని ఇంకేదైనా ఉంటే చెప్పండి. పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు నింపాలంటే ఆర్థికశాఖ అనుమతి, నోటిఫికేషన్, కోర్టు కేసు, మళ్లీ నోటిఫికేషన్. అంకెలకా, జీతం లేదు, పింఛను లేదు, బదిలీ కోసం ఎమ్మెల్యే సిఫార్సు లేఖ తేవు. అందుకే వెంటనే మంజూరవుతాయి. ఏలినవారికి డిజిటల్ వైద్యం ముద్దొచ్చేది చౌకగా ప్రగతి చూపించవచ్చనేనని నా అనుమానం. ఆ చూపించే చాకిరీ పడేది ఏఎన్ఎం మీద. బీపీ చూసి రిజిస్టర్లో రాయాలి, అదే ట్యాబ్‌లో ఎక్కించాలి. ఆభా ఖాతాకు ఓటీపీ వచ్చే ఫోనేమో, బీపీ చూపించుకోవడానికి వచ్చినావిడ కూలికెళ్లిన మొగుడి జేబులో ఉంటుంది. సమీక్షలో ఎంతమందికి బీపీ తగ్గిందని ఎవరూ అడగరు, ఎన్ని ఎంట్రీలు పెండింగో అడుగుతారు.

ఆభా ఉంటే రోగికి కాగితాల సంచి మోత తప్పుతుంది కదా అంటారు. నిజమే. కర్నూలులో తీసిన స్కాన్ హైదరాబాద్‌లో కనిపిస్తే పేదవాడికి రెండోసారి ఖర్చు తప్పుతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ చీటీ వరుస తగ్గుతుంది కూడా. కానీ చీటీ త్వరగా అందినవాళ్లంతా డాక్టరు గది ముందు పోగవుతారు. ఆ గదిలో కుర్చీ ఖాళీగా ఉంటే క్యూఆర్ కోడ్ వైద్యం చేయదు. 2022 నవంబరులో సైబర్ దాడికి సర్వర్లు కూలినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌నే కాగితం, పెన్ను గట్టెక్కించాయి. అక్కడ చేతిరాతతో నెట్టుకురావడానికి మనుషులున్నారు. ఒక్క నర్సుతో నడిచే చోట?

ఇదంతా టెక్నాలజీ అంటే గిట్టని చాదస్తమనుకోనక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ కూడా టెక్నాలజీయే. మూడంకెలు నొక్కితే బండి, డ్రైవరు, ఆక్సిజన్, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి వస్తారు గనకే జనం ఆ నంబరును నమ్మారు. అల్లూరి జిల్లా కొండల్లో గర్భిణిని ఇంకా డోలీలో మోస్తున్నారంటే ఆ బండీ ఎక్కలేని దారులున్నాయన్నమాట. అందుకు విరుగుడుగా ఆఫ్‌లైన్‌లో పనిచేసే యాప్ తెస్తామంటే కాదనడానికి నేనెవర్ని? డోలీ మోసేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవని మాత్రం మనవి చేస్తున్నాను.