బాలానగర్ ల్యాప్‌టాప్ ఆత్మకథ

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక టూల్ రూమ్‌లో ప్లాస్టిక్ మోల్డుల డిజైన్ పని చేసే ఈ ల్యాప్‌టాప్ 2018 నాటి థింక్‌ప్యాడ్ పి52. ఇక్కడ చెప్పుకొంటున్నది తన కథే. బరువు దాదాపు రెండున్నర కిలోలు, ఛార్జరు బరువు దానికి అదనం. దుకాణంలో సన్నటి ల్యాప్‌టాప్‌ల పక్కన పెడితే ఇది ఎవరి కంటికీ ఆనదు. కానీ 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న పేట ఇది. ఇక్కడ యంత్రాన్ని పని చూసి కొంటారు.

దీని ప్రాసెసర్ కోర్ ఐ7-8850హెచ్. ఆరు కోర్లు, మామూలు వేగం 2.6 గిగాహెర్ట్జ్, అవసరమైతే ఒక కోర్ 4.3 దాకా వెళ్తుంది. టూల్ రూమ్‌కు అక్కరకొచ్చింది ఆ 4.3 అంకె. సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోల్డు గీసేటప్పుడు ముందు స్కెచ్, దానిమీద దిమ్మె, ఆ దిమ్మెకు రంధ్రాలు, ఆ అంచులకు గుండ్రదనం వస్తాయి. గోడ లేవకుండా కప్పు పడనట్టే, ముందు మెట్టు పూర్తికాకుండా తర్వాతి మెట్టు లెక్క మొదలవదు. మొదటి స్కెచ్‌లో ఒక కొలత మారిస్తే కిందివన్నీ వరుసగా మళ్లీ లెక్కకట్టాలి. ఆ పని ఎక్కువగా ఒకే కోర్ మీద పడుతుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం పది శాతం దగ్గరే కనిపిస్తుంది, డిజైనర్ మాత్రం ఎదురుచూస్తూనే ఉంటాడు. అందుకే డ్రాయింగు, మోడలింగు చేసేవారు కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగాన్నే ముందు చూడాలి. రోజంతా రెండరింగ్, స్ట్రెస్ అనాలిసిస్ చేసేవారి లెక్క వేరు. ఆ పనులను అన్ని కోర్లూ పంచుకోగలవు.

గ్రాఫిక్స్ కార్డు క్వాడ్రో పి2000, మెమరీ 4 జీబీ. అదే ధరకు దొరికే గేమింగ్ కార్డు ఆటల్లో దీన్ని దాటిపోతుంది. తేడా డ్రైవర్‌లో ఉంది. సాలిడ్‌వర్క్స్ బొమ్మను ఓపెన్‌జీఎల్ పద్ధతిలో గీస్తుంది. ఏ కార్డు ఏ డ్రైవర్‌తో సక్రమంగా నడుస్తుందో పరీక్షించి, సాఫ్ట్‌వేర్ కంపెనీయే జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో ఎక్కువగా కనిపించేవి క్వాడ్రో లాంటి వృత్తి కార్డులే. వందల భాగాల అసెంబ్లీని తిప్పుతున్నప్పుడు అంచులు మాయం కాకుండా, తెర బిగుసుకుపోకుండా ఉండటం దీనివల్లే. ఆటోక్యాడ్, రెవిట్ సాఫ్ట్‌వేర్లు డైరెక్ట్‌ఎక్స్ అనే మరో పద్ధతి మీద నడుస్తాయి, వాటికి గేమింగ్ కార్డు చక్కగా సరిపోతుంది. అమీర్‌పేటలో ఆటోక్యాడ్ నేర్చుకునే డిప్లొమా విద్యార్థి క్వాడ్రో కోసం అప్పు చేయనవసరం లేదు.

ర్యామ్ విషయంలో ఈ ల్యాప్‌టాప్ అదృష్టవంతురాలు. నాలుగు స్లాట్లు ఉన్నాయి, 128 జీబీ దాకా వేసుకోవచ్చు. 16తో వచ్చి, మోల్డులు పెద్దవవుతున్న కొద్దీ 32కు పెరిగింది. రెవిట్ ఫైలయితే డిస్కు మీది పరిమాణానికి దాదాపు ఇరవై రెట్లు మెమరీ అడగవచ్చు. ర్యామ్‌ను బోర్డుకే అతికించేసిన సన్నటి మోడళ్లలో ఇలా పెంచే దారే ఉండదు. డిస్కు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే చాలు, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

అసలు పరీక్ష వేడి. ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు 4.3 కాగితం మీదే మిగులుతుంది. బయట మే ఎండ నలభై దాటినప్పుడు ఈ ల్యాప్‌టాప్‌ను నిలబెట్టింది దాని మందమే. లోపల రెండు ఫ్యాన్లకూ రాగి గొట్టాలకూ చోటు ఉంది. అదే చిప్‌ను పలచటి ఒంట్లో బిగిస్తే కాసేపు పరుగెత్తి నెమ్మదిస్తుంది. గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ఇంతే. పేరు ఒకటే ఉన్నా, ఎన్ని వాట్లు ఇచ్చారన్నదాన్ని బట్టి పనితనం మారుతుంది. బ్యాటరీ మీద నడిపితే వేగం ఇంకా పడిపోతుంది. గ్రైండింగ్ దుమ్ములో ఇనుప రజను ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌ను యంత్రాల గదికి దూరంగా ఉంచి, ఫ్యాన్లు శుభ్రం చేయించడం తప్పనిసరి.

కొలతలు కొట్టడానికి నంబర్ ప్యాడ్ ఉంది. టచ్‌ప్యాడ్ కింద మూడు బటన్లున్నాయి, మోడల్‌ను తిప్పడానికి నడిమి బటన్ కావాలి. ఇక మ్యాక్ మీద మనసున్నవారు తెలుసుకోవలసింది ఒకటుంది. ఆటోక్యాడ్‌కు మ్యాక్ రూపం ఉంది, సాలిడ్‌వర్క్స్‌కూ రెవిట్‌కూ లేదు.

కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ వైపు విండోస్ 11 అధికారిక జాబితా మొదలయ్యేది ఈ ఎనిమిదో తరం ప్రాసెసర్లతోనే. అందుకే ఈ వయసు వర్క్‌స్టేషన్లు సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ కొనదగినవే. కొనబోయేవారు తమ దగ్గరున్న అతిపెద్ద అసెంబ్లీ ఫైలును వెంట తీసుకెళ్లాలి. ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరిచి, మొదటి స్కెచ్‌లోని కొలత ఒకటి మార్చి, అరగంట తిప్పి చూశాకే డబ్బు చెల్లించాలి.