ముందు గ్రీజు గన్ను, తర్వాతే వించ్

కొండల్లో తిరిగే పాత ఏటీవీ బండి కొన్నానని మన తెలుగు కుర్రాళ్ళు ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే: "అంకుల్, దీనికి ఏ వించ్ వేయిస్తే బాగుంటుంది?" చక్రాల బేరింగులు చూశావా నాయనా అంటే జవాబుండదు. వెనక గేర్‌బాక్సులో నూనె ఎలా ఉంది, ఎయిర్ ఫిల్టర్ విప్పావా, బ్రేకులు పడుతున్నాయా అని అడిగితే "అమ్మినాయన అంతా బాగుందన్నాడు అంకుల్" అంటారు. లైట్ల పట్టీ, ఫోన్ స్టాండు, స్పీకర్లు మాత్రం అప్పటికే ఆర్డరు పెట్టేసి ఉంటారు. ముప్పై ఏళ్ళ బండి అది. ముందు దానికి ఒంట్లో ఎలా ఉందో చూడాలా, వద్దా?

నేను సింగరేణి మనిషిని. కొత్తగూడెం వర్క్‌షాపులో మా నాన్న ఫిట్టరు. బొగ్గు పని మీదే 1980ల్లో వెస్ట్ వర్జీనియా దక్షిణపు కొండల్లోకి, లోగన్, మింగో కౌంటీల వైపు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడి గని కార్మికుల్లో పెరట్లో షెడ్డు, షెడ్డులో ఒక ఏటీవీ లేనివాళ్ళు అప్పట్లో అరుదు. వేటకు వెళ్ళాలన్నా, పొయ్యిలోకి కట్టెలు తేవాలన్నా, కొండ నెత్తిన ఉన్న తాతముత్తాతల సమాధుల దగ్గర గడ్డి కొయ్యాలన్నా అదే బండి. రోజంతా గనిలో యంత్రాల మధ్య బతికిన మనుషులు కదా, తమ బండిని ఇంకొకరి చేత విప్పించుకోవడం వాళ్ళకు నామోషీ. చలికాలం శనివారాల్లో ఎవరో ఒకరి షెడ్డులో చేరేవాళ్ళం. ఒకరు కార్బురేటర్ కడుగుతుంటే ఇంకొకరు ట్యాపెట్లు సరిచేసేవారు. తెలియనివాడికి తెలిసినవాడు పక్కన నిలబడి చూపించేవాడు, పానా మాత్రం తెలియనివాడి చేతిలోనే ఉంచేవాడు. నాకు ఇప్పటికీ అంతకంటే మంచి బడి ఏదీ కనబడలేదు.

ఆ బండ్లు కూడా అలా నేర్చుకోవడానికి వీలుగానే ఉండేవి. 1970లో హోండా మూడు చక్రాల బండితో అమెరికాలో ఈ వ్యవహారం మొదలైంది. సుజుకీ 1983 మోడల్‌గా నాలుగు చక్రాలది తెచ్చింది. 1988లో హోండా ఫోర్‌ట్రాక్స్ 300 వచ్చాక మా కొండల్లో ఎక్కడ చూసినా అదే. 2000 మోడల్ దాకా దాన్ని పెద్దగా మార్చలేదు. గాలికి చల్లబడే ఒక్క సిలిండరు, వెనక చక్రాలకు చెయిను బదులు షాఫ్టు, క్లచ్ లివరు అక్కర్లేకుండా కాలితో వేసే గేర్లు. రేడియేటరు లేదు, కంప్యూటరు లేదు. కవాసాకీ బేయూ 220, యమహా బిగ్ బేర్ 350 కూడా ఆ తరానివే. నా షెడ్డులో ఇప్పటికీ ఉన్నది ఒక ఫోర్‌ట్రాక్స్ 300. కంపెనీ సర్వీస్ మాన్యువల్ ఒకటి, నాలుగు మంచి పానాలు దగ్గరుంటే దాని లోపల నేను చెయ్యలేని పని ఏమీ లేదు.

మా రోజుల్లో అంతా బాగుండేదని మాత్రం అనను. మూడు చక్రాల బండ్లు మలుపులో బోర్లా పడేవి. పిల్లల్ని పెద్ద బండ్లెక్కించేవారు, హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి వింతగా చూసేవారు. చాలామంది చచ్చిపోయాక 1988లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్లు అమ్మడం మానేశాయి, 90 సీసీ దాటినవి పదహారేళ్ళ లోపు పిల్లల కోసం కాదని ఒప్పుకున్నాయి. అది రావలసిన దానికంటే ఆలస్యంగా వచ్చింది. ఇవాళ ట్రెయిల్ మీద హెల్మెట్ లేకుండా కనబడినవాణ్ణి రేంజర్ వెనక్కి పంపితే నేను రేంజర్ వైపే.

దారుల విషయంలోనూ ఇప్పుడే నయం. అప్పట్లో మేము తిరిగింది పాత బొగ్గు లారీల దారుల్లో, కలప దారుల్లో, గ్యాస్ బావులకు వేసిన బాటల్లో. ఏది ఎవరి భూమో తెలిసేది కాదు. 1996లో రాష్ట్ర శాసనసభ హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రెయిల్స్ కోసం ఒక సంస్థను ఏర్పాటు చేసింది. 2000 అక్టోబరులో దారులు తెరిచారు. ఇప్పుడు అవన్నీ కలిపి వెయ్యి మైళ్ళ పైన ఉన్నాయి, ఎక్కువ భాగం బొగ్గు, కలప, భూమి కంపెనీల స్థలాల్లోంచే పోతాయి. తేలిక దారికి ఆకుపచ్చ గుర్తు, కాస్త కష్టమైతే నీలం, బాగా కష్టమైతే నలుపు. గిల్బర్ట్, మేట్‌వాన్ లాంటి ఊళ్ళలో బండి మీదే వచ్చి పెట్రోలు పోయించుకుని భోంచేసి మళ్ళీ కొండెక్కవచ్చు. గనులు మూతబడి చిక్కిపోయిన ఊళ్ళకు ఇది అన్నం పెడుతోంది. నా సణుగుడు దారుల మీద కాదు, బండి గురించి ఓనమాలు రాకుండా నలుపు గుర్తు దారి ఎక్కేవాళ్ళ మీద.

పెట్రోలుతోనే మొదలుపెడతాను, ఎక్కువ బండ్లు ఆగేది అక్కడే. మా రోజుల్లో శీతాకాలమంతా షెడ్డులో పడుకున్న బండి వసంతంలో రెండు మూడు లాగులకు స్టార్టయ్యేది. ఇప్పుడు బంకుల్లో పోసేది చాలా చోట్ల పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పొట్టు రాలుస్తాయి. కార్బురేటర్‌లో పైలట్ జెట్ రంధ్రం సూది మొనంత. నిలవున్న పెట్రోలు జిగురుగా మారి దాన్ని మూసిందంటే చోక్ వేస్తే తప్ప ఇంజను నిలవదు. అప్పుడు మనవాడు బ్యాటరీ మారుస్తాడు, ప్లగ్ మారుస్తాడు, చివరికి ఇరవై ముప్పై డాలర్లు పెట్టి ఆన్‌లైన్‌లో నకిలీ కార్బురేటర్ తెప్పిస్తాడు. వద్దు నాయనా! పాతదే విప్పి, జెట్లు తీసి, క్లీనర్‌తో కడిగి, రంధ్రంలోంచి వెలుతురు కనబడేదాకా చూసి, కొత్త గ్యాస్కెట్లతో బిగించు. జెట్లలో ఇనప తీగ దూర్చకు, రంధ్రం పెద్దదైతే కొలత పోతుంది. ఇథనాల్ కలపని పెట్రోలు దొరికే బంకు ఉంటే నాలుగు మైళ్ళు ఎక్కువైనా అక్కడికే వెళ్ళు. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ఫ్లోట్ గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి ఖాళీ చెయ్యి.

ట్యాంకు కింద ఉన్న పెట్రోలు కాక్ సంగతి ఈ తరానికి చెప్పేవాళ్ళే లేరు. ట్రెయిలర్ మీద బండి ఎక్కించగానే దాన్ని కట్టెయ్యాలి. దారి పొడుగునా కుదుపులకు ఫ్లోట్ సూది సరిగా కూర్చోక పెట్రోలు పొంగి ఇంజనులోకి దిగితే ఆయిలు పలచబడిపోతుంది. దిగాక ఆయిలు కొలకర్ర వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే స్టార్టు చెయ్యకండి, ముందు ఆయిలు మార్చండి.

ఆయిలంటే గుర్తొచ్చింది. కారులో పోసే ఆయిలు దీనిలో పోసి క్లచ్ జారుతోందని ఏడ్చేవాళ్ళు ఎంతమందో. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే తిరుగుతాయి. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిలు పోస్తే ప్లేట్లు పట్టు తప్పుతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న ఆయిలే పోయాలి. అలాగే వెనక గేర్‌బాక్సు నూనె కొంచెం దించి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయి. వాగులు దాటే వాళ్ళకు ఇది తప్పనిసరి పని. ఫోర్‌ట్రాక్స్ 300 ముందు బ్రేకులు డ్రమ్ములు, వాటిలోకి నీరు, బురద చేరడం పాత జబ్బు. సీలు అంచుకు గ్రీజు రాసి, ఏడాదికొకసారి విప్పి తుడవకపోతే దిగుడులో లివరు నొక్కినా బండి ఆగదు.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఉతికి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిలు పట్టించి బిగించాలి. పొడి స్పాంజి దుమ్మును ఆపలేదు, ఆ దుమ్మే పిస్టన్ రింగుల్ని తినేస్తుంది. చలికాలంలో ఎయిర్ బాక్సులో ఎలుకలు గూడు కడతాయి, మూత తీసి చూడకుండా స్టార్టు చెయ్యకూడదు. ట్యాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే, పిస్టన్ పైకొచ్చిన గుర్తు చూసుకుని ఫీలర్ గేజుతో సరిచెయ్యాలి. కొందరు ఏళ్ళ తరబడి అటువైపే పోరు. వాల్వు బిగుసుకున్న బండి పొద్దున్న ఎంత లాగినా అందుకోదు. సైలెన్సర్‌లో నిప్పురవ్వల్ని ఆపే జాలీ ఉంటుంది, అదీ శుభ్రం చెయ్యాలి. శరదృతువులో ఎండుటాకుల మీద ఒక్క రవ్వ పడితే కొండ అంటుకుంటుంది. శబ్దం కోసం ఆ జాలీ పీకేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పక్కింటివాడు మనల్ని భరిస్తున్నాడు కాబట్టే ఈ దారులు తెరిచి ఉన్నాయి.

ఇవన్నీ అయ్యాక అప్పుడు సామాను. మొట్టమొదట తక్కువ ఒత్తిడి కొలిచే గేజు కొనండి. ఈ టైర్లలో గాలి మూడు పీఎస్ఐ అటూ ఇటూ ఉంటుంది. కారు గేజు అంత చిన్న తేడా చూపించదు, పక్క టైరుకు ఒక్క పీఎస్ఐ తేడా వచ్చినా బండి పక్కకు లాగుతుంది. పంచరు కిట్టు, చిన్న పంపు, ప్లగ్ ఒకటి, ప్లగ్ పానా, తాడు, టేపు, కట్టే తీగ, మందుల డబ్బా. ఏ బండికైనా తనకంటూ ఒక బలహీనత ఉంటుంది, అది తెలుసుకుని దాని విడిభాగం పెట్టెలో ఉంచుకోవాలి. మిగతాదంతా అనవసరపు బరువు. వెనక ర్యాకు మీద ఐస్‌పెట్టె, గొడ్డలి, కుర్చీలు ఎత్తుగా కట్టి నిటారు ఎక్కుడు ఎక్కితే బండి వెనక్కి తిరగబడుతుంది.

టైర్ల విషయంలో మా కాలంలో ఒకటే మాట, కంపెనీ ఇచ్చిన కొలత. ఇప్పుడు మూడు నాలుగు అంగుళాలు పెద్ద బురద టైర్లు బిగిస్తున్నారు. చూడటానికి గంభీరంగానే ఉంటాయి, క్లచ్, యాక్సిలు జాయింట్లు ఆ భారానికి అరిగిపోతాయి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందే బండికి ముందొక కొలత, వెనకొక కొలత అరిగిన టైర్లు వేస్తే లోపలి గేర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్ వద్దని నేననడం లేదు. ఒంటరిగా తిరిగేవాడికి కావలసిందే. వెయ్యడం కాదు, వాడటం తెలియాలి. పాత బండి తయారు చేసే కరెంటు తక్కువ. వించ్ గట్టిగా లాగేటప్పుడు నూరు ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మింగుతుంది. అందుకే మంచి బ్యాటరీ ఉండాలి, ఇంజను నడుస్తూ ఉండాలి, ఆగి ఆగి లాగాలి. హెడ్‌లైట్లకు తోడు నాలుగు లైట్ల పట్టీలు వెలుగుతుంటే అప్పుడు వించ్‌కు మిగిలేదేముంది? తాడు డ్రమ్ము మీద మొదటి చుట్టుకు దగ్గరయ్యే కొద్దీ లాగే బలం పెరుగుతుంది. ఒక కప్పీ తగిలించి తాడును వెనక్కి తెస్తే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. చెట్టుకు వెడల్పాటి పట్టీ వేసి కట్టాలి, ఒట్టి తాడు చుడితే బెరడు ఒలిచి చెట్టు చస్తుంది. లాగేటప్పుడు మనుషులు తాడుకు దూరంగా నిలబడాలి. ఇవేవీ డబ్బా మీద బొమ్మ చూసి కొనేవాళ్ళకు తెలియవు.

ఇప్పుడు కొండ మీద ఎక్కువ కనబడేవి కారులా పక్కపక్కన కూర్చునే బండ్లు. 2000ల్లో యమహా రైనో, పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ వచ్చాక ఊపందుకున్నాయి. స్టీరింగు, సీటుబెల్టు, రక్షణ చట్రం, అన్నీ ఉన్నాయి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు మంచివే. వీటిలో కొన్నింటి ధర 30,000 డాలర్ల పైమాటే. బెల్టు కాలిన వాసన, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం, ఆపైన సెల్ సిగ్నల్ లేని లోయ. మా రోజుల్లో బ్యాటరీ చస్తే తాడు లాగి స్టార్టు చేసేవాళ్ళం. ఆ లాగుడు తాడును కొత్తవాటిలో చాలావరకు తీసేశారు. ఎందుకు తీశారో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. దాని బరువెంత, ఖర్చెంత?

బాగుచేయిద్దామని వెళితే షాపులు కూడా మారిపోయాయి. పదేళ్ళో ఇరవయ్యేళ్ళో దాటిన బండిని ముట్టుకోం అని బోర్డు పెట్టుకున్న చోట్లు నేను చూశాను. కౌంటరులో అబ్బాయి కంప్యూటర్‌లో చూసి "ఈ భాగం ఆపేశారు" అంటాడు, వేరే మోడల్‌ది సరిపోతుందేమో వెతకడు. ఒకప్పుడు అదే కౌంటరు వెనక ఉన్న పెద్దాయన పాత బేరింగు చేతిలోకి తీసుకుని, దాని మీద అంకెలు తుడిచి చదివి, అలమారలోంచి కొత్తది తీసిచ్చేవాడు. ఆ అంకెలు ఇప్పటికీ బేరింగుల మీద ఉంటాయి. బేరింగులు అమ్మే ఏ దుకాణంలోనైనా ఆ అంకెలు చెబితే చాలు.

కాబట్టి పాత బండి కొనబోయే పిల్లలు నన్ను ముందే అడగండి, కొన్నాక కాదు. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే స్టార్టు చేసి ఉంచారు, చల్లారాక మళ్ళీ వస్తానని చెప్పండి. చల్లటి ఇంజనుని మీరే స్టార్టు చెయ్యండి. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు, బాల్ జాయింటు సంగతి తెలుస్తుంది, పక్కలకు ఊపితే స్టీరింగు రాడ్డు సంగతి తెలుస్తుంది. యాక్సిలు రబ్బరు బూట్లు చినిగి ఇసుక చేరిందా చూడండి. సీటు తీసి ఎయిర్ బాక్సు మూత తెరవండి, బండిని ఎలా చూసుకున్నారో ఆ స్పాంజి చెబుతుంది. రివర్స్ గేరు వేసి చూడండి, రెండు బ్రేకులూ నొక్కి చూడండి, కాగితాలు అడగండి. ఇవన్నీ చూశాకే బేరం మొదలుపెట్టండి.