దుత్త పగిలింది, అత్త బాగానే ఉంది

1962 మొదట్లో ఒక సాయంత్రం అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్‌ను పిలిచి, తెల్లారేసరికి వెయ్యి క్యూబా చుట్టలు కావాలన్నాడు. సాలింజర్ ఊళ్లో కొట్లన్నీ గాలించి 1,200 పోగేశాడు. మర్నాడు ఆ లెక్క విని కెనెడీ సంతోషించి, బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీసి సంతకం పెట్టాడు. క్యూబా సరుకు ఇక అమెరికా గడప తొక్కరాదన్న ఉత్తర్వు అది. ఈ ముచ్చట తర్వాత సాలింజరే చెప్పుకున్నాడు.

రోజుకొకటి కాల్చినా మూడేళ్లు దాటి వచ్చే సరుకు. కందిపప్పు ధర పెరుగుతుందని ముందే ఉప్పందిన షావుకారు కూడా ఇంత నిబ్బరంగా సర్దుకోడు.

అత్త మీది కోపం దుత్త మీద చూపడమని మనవాళ్లు ఆంక్షల శాస్త్రాన్ని ఒక్క ముక్కలో చెప్పేశారు గానీ, సామెతను సగంలో ఆపేశారని నా ఫిర్యాదు. దుత్త పగిలాక ఏమవుతుంది? అత్తకు దెబ్బ తగల్లేదు సరే. ఆనాటి నుంచి ఇంట్లో మజ్జిగ పలచబడినా, వెన్న మాయమైనా, చూరు కారినా ఆవిడ దగ్గర జవాబు సిద్ధం: ‘నేనేం చెయ్యనమ్మా, దుత్త పగలగొట్టారుగా!’ వెన్న ఎవరి గదిలోకి పోయిందో అడిగే నోరు ఇక లేవదు.

హవానాలో ఆ జవాబు పేరు ‘బ్లొకేయో’. అంటే దిగ్బంధం. రొట్టె లేదా, బ్లొకేయో. బస్సు రాలేదా, బ్లొకేయో. పూర్తిగా అబద్ధమైతే ఎప్పుడో వీగిపోయేది. అందులో నిజం పాలు గట్టిగా ఉంది కాబట్టే అరవై ఏళ్లు దాటినా చెల్లుతోంది.

వాషింగ్టన్ పథకం సూటిగానే ఉంది. 1960 ఏప్రిల్‌లో అక్కడి విదేశాంగ శాఖ అధికారి లెస్టర్ మాలరీ ఒక నోటు రాశాడు. జనంలో ఎక్కువమంది క్యూబా నేత కాస్ట్రో వెంటే ఉన్నారు గనక డబ్బూ సరుకులూ అందకుండా చేస్తే ఆకలి, నిస్పృహ పుట్టి, ప్రభుత్వం కూలుతుందని సారాంశం. మొదటి రెండూ టైముకే వచ్చాయి. మూడోది ఇంకా దారిలో ఉంది.

ఆకలేసినవాడు తిరగబడతాడని ఆ దొరల లెక్క. ముందు క్యూలో నిలబడతాడని మన రేషన్ షాపు దగ్గర సంచి పట్టుకు నిలబడ్డ ఎవరినడిగినా చెప్పేవారు. అదే 1962లో క్యూబా ప్రభుత్వం ‘లిబ్రెతా’ అనే రేషన్ పుస్తకం ఇంటింటికీ ఇచ్చింది. బియ్యం కొలిచే చేతిని కరిస్తే వచ్చే నెల బియ్యం ఎలా? ఇరాక్‌లోనూ ఇదే జరిగింది. 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు బిగించింది. పిండీ పంచదారా టీపొడీ పంచే పెత్తనం సద్దాం చేతికొచ్చింది. దినారు చిత్తుకాగితమై, అయ్యవార్ల నెల జీతం కొద్ది డాలర్లకు దిగినా, ఆయన రాజభవనాలకు పాలరాయి మాత్రం అందుతూనే ఉంది. పదమూడేళ్ల ఆకలి కదపలేని కుర్చీని 2003లో ట్యాంకులొచ్చి లాగేశాయి.

మళ్లీ హవానాకు వద్దాం. 2024 అక్టోబరులో కరెంటు పోయి దేశం దేశమే చీకటైంది. కొన్ని నెలలకే, 2025లో, అదే హవానాలో 42 అంతస్తుల హోటల్ తలుపులు తెరిచింది. దుత్త పగిలినా వెన్న ఎక్కడో పేరుకుంటూనే ఉందన్నమాట.

పోనీ, పగలగొట్టినవారైనా పట్టుదలగా ఉన్నారా? 2000లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం క్యూబాకు తిండి సరుకులు అమ్మొచ్చు, కాకపోతే డబ్బు ముందు కట్టాలి. మన కిరాణా కొట్ల గోడమీది ‘నేడు రొక్కం, రేపు అరువు’ బోర్డుకు పార్లమెంటు హోదా వచ్చినట్టు. ఇప్పుడు శత్రుదేశపు కోడికాళ్లు ఓడల్లో దిగుతుంటాయి. సిద్ధాంతాలకు అడ్డమొచ్చిన దిగ్బంధం కోడికి అడ్డు రాలేదు.

మన వంతూ ఉంది. 1992లో సుర్జీత్ నాయకత్వాన సీపీఎం గోధుమలు పోగుచేసి క్యూబాకు ఓడకెత్తించింది. మార్కెట్లకు తలుపులు తీస్తున్న మన పీవీ ప్రభుత్వమూ చెయ్యి కలిపింది. ఆ ఏడే ఐరాసలో ఈ దిగ్బంధం వద్దని ఓటింగ్ మొదలైంది. 2023లో వద్దన్నవి 187 దేశాలు, ఉండాలన్నవి రెండు. రెండే గెలిచాయి.

ఇంతకీ ఎవరి కోసం ఇదంతా మొదలైందో ఆ ఫిడెల్ కాస్ట్రో పదకొండుమంది అమెరికా అధ్యక్షుల్ని చూసి, 2016లో తొంభై ఏళ్ల వయసులో పోయాడు. ఒక్క అలవాటు మాత్రం వదులుకున్నాడు. 1985లో చుట్టలు మానేశాడు, జనం ఆరోగ్యానికి ఆదర్శంగా ఉంటుందని.